నలభై అయిదేళ్లకు కొత్త పని

నా డ్యూటీ పొద్దున్నే ఆరున్నరకి మొదలవుతుంది. న్యూయార్క్ నగరానికి ఉత్తరాన ఉన్న వల్హాలా అనే చిన్న ఊళ్లో, ల్యాబ్ పరీక్షలకి రక్తం తీసే పని. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకి బోటనీ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక కొన్నేళ్లు డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. ఉద్యోగం చేసుకోవచ్చన్న కాగితం చేతికొచ్చేసరికి నా ఎమ్మెస్సీని పట్టించుకునేవాళ్లు లేరు. కోర్సులో చేరితే, నా సగం వయసు పిల్లల మధ్య కూర్చోబెట్టి, ముందు దీన్ని గుచ్చమని ఒక రబ్బరు చెయ్యి ఇచ్చారు.

మా అమ్మ మాత్రం పక్కింటివాళ్లకి "మా అమ్మాయి అమెరికాలో డాక్టర్ల దగ్గర పని చేస్తోంది" అని చెబుతుంది. అది అబద్ధమని కూడా అనలేను.

ఒకరోజు రష్యా నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దావిడ ఒకరు వచ్చారు. నరం దొరక్క వేళ్లతో తడుముతుంటే నా చేతులకేసి చూసి, "పియానో వాయిస్తావా అమ్మాయ్?" అన్నారు. లేదన్నాను. "మా రఖ్మానినోవ్ మీ ఊళ్లోనే ఉన్నాడు, వెళ్లి చూడు" అన్నారు.

మా ఊళ్లోని కెన్సికో శ్మశానం ముందు నుంచి ఎన్నిసార్లు కారులో వెళ్లానో లెక్కలేదు. ఆ ఆదివారం లోపలికి వెళ్లాను. రష్యన్ పద్ధతి సిలువ కింద సంగీతకారుడు సెర్గీ రఖ్మానినోవ్, దగ్గరే భార్య, పెద్ద కూతురు. పియానో గురించి నాకేమీ తెలియదు. ఇంటికొచ్చి ఆయన గురించి చదువుతుంటే మాత్రం, ఎవరో మనవాడి ఉద్యోగం కష్టాలు వింటున్నట్టే అనిపించింది.

రష్యాలో ఆయన ముఖ్యంగా స్వరకర్త. పియానో వాయించేవాడు, ఆర్కెస్ట్రా నడిపేవాడు, కానీ మనసంతా రాయడం మీదే. విప్లవం వచ్చాక ఇవానోవ్కాలో ఉన్న ఎస్టేటు పోయింది. 1917 డిసెంబరులో స్వీడన్ నుంచి కచేరీలకి పిలుపు వస్తే, దాన్నే దారి చేసుకుని భార్యతో, ఇద్దరు కూతుళ్లతో బయటపడ్డాడు. మళ్లీ రష్యాలో అడుగు పెట్టలేదు. 1918 నవంబరు 10న న్యూయార్క్‌లో ఓడ దిగేనాటికి వయసు 45.

ఆపాటికి ఆయనకి ప్రపంచమంతా పేరు, జేబులో మాత్రం డబ్బు లేదు. పంతొమ్మిదేళ్లప్పుడు రాసిన సి షార్ప్ మైనర్ ప్రెల్యూడ్ అనే చిన్న పియానో రచన చాలా దేశాల్లో అచ్చయి అమ్ముడవుతోంది. దానికి ఆయనకి ముట్టింది నలభై రూబుళ్లే. అప్పటి రష్యా అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందంలో లేకపోవడంతో, బయటి దేశాల్లో అచ్చేసినవాళ్లు పైసా ఇవ్వనక్కర్లేదు. బోస్టన్ ఆర్కెస్ట్రాను నడపమని పిలుపొస్తే ఒప్పుకోలేదు. త్వరగా డబ్బు వచ్చే పని పియానో కచేరీలే. అయితే అప్పటిదాకా వాయించినవి ఎక్కువగా తను రాసుకున్నవి. ఇప్పుడు బీథోవెన్, షోపెన్, లిస్ట్ రాసినవన్నీ కచేరీకి పనికొచ్చేలా సాధన చెయ్యాలి. నలభై అయిదేళ్లకి మళ్లీ పాఠాలన్నమాట. 1918 డిసెంబరు 8న ప్రావిడెన్స్‌లో మొదటి కచేరీ.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. అంతకుముందు 1909లో అమెరికా టూరుకి వస్తూ, పియానో, ఆర్కెస్ట్రా కలిసి వాయించే తన మూడో కన్చెర్టోని ఓడలో శబ్దం రాని కీబోర్డు మీద సాధన చేశాడట. నా రబ్బరు చెయ్యి గుర్తొచ్చి నవ్వాగలేదు.

ఇక ఆ తర్వాత బతుకంతా రైళ్లూ, హోటళ్లూ, ఊరూరా అదే ప్రెల్యూడ్. మన సభల్లో చీటీ పంపి పాట అడిగినట్టు, అది వాయించనిదే జనం కదిలేవారు కాదు. ఆయనకి దానిమీద విసుగు పుట్టింది.

రష్యాలో ఉండగా 39 ఓపస్‌లు (వరుస నంబరు వేసి అచ్చేసిన రచనలు), బయటికొచ్చాక పాతికేళ్లలో ఆరు. దేశం పోయాక రాయాలన్న కోరికే పోయిందని ఆయనే చెప్పుకున్నాడు. కాదనడానికి నేనెవర్ని? కానీ ఆయనకి తీరిక కూడా పోయిందని నా అనుమానం. ఎందుకంటే, 1926లో కచేరీలు ఆపుకుంటే నాలుగో కన్చెర్టో పూర్తయింది. 1934 వేసవిలో స్విట్జర్లాండ్‌లో సొంతింట్లో కూర్చుంటే పగనిని రాప్సొడీ అనే రచన ఏడు వారాల్లో వచ్చింది. డబుల్ షిఫ్టు చేసి ఇంటికొచ్చిన రోజున పుస్తకం తెరిస్తే ఒక పేజీ కూడా ఎక్కదు, ఆ సంగతి నాకు తెలుసు.

1943 ఫిబ్రవరి 1న అమెరికా పౌరుడయ్యాడు. అప్పటికే క్యాన్సర్. అదే నెల 17న టెనెసీ రాష్ట్రం నాక్స్‌విల్‌లో ఆఖరి కచేరీ, అందులో షోపెన్ శవయాత్ర సంగీతం ఉన్న సొనాటా. డెబ్బయ్యో పుట్టినరోజుకి నాలుగు రోజుల ముందు కాలిఫోర్నియాలో పోయాడు. మాస్కోలో పూడ్చమని కోరుకున్నాడట. యుద్ధం, పైగా అమెరికా పౌరుడు. చివరికి వల్హాలా దక్కింది.

రెండు నెలలకి ఆ పెద్దావిడ మళ్లీ వచ్చారు. వెళ్లి చూశానని చెప్పాను.

"పువ్వులు పెట్టావా?"

"లేదండీ, తెలియలేదు."

"ఈసారి పెట్టు" అని రెండో చెయ్యి చాపారు. "ఇటు చూడు, ఇందులో నరం బాగా దొరుకుతుంది."