బల్లకట్టు దాటితే పీటర్ కుందేలు ఊరు

లండన్ యూస్టన్‌లో ఎక్కి ఆక్సెన్‌హోమ్‌లో బండి మారి విండర్‌మియర్ చేరాం. పీటర్ కుందేలు కథ రాసి, బొమ్మలు గీసిన పిల్లల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ఇల్లు విండర్‌మియర్ సరస్సుకు అవతల, నియర్ సోరీ అనే పల్లెలో ఉంది. ఇవతలి ఒడ్డున బౌనెస్ ఊరి పక్కనే కార్లను కూడా ఎక్కించుకునే బల్లకట్టు ఉంది. అది ఇనుప తాళ్ల ఆధారంగా నడుస్తుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు. అప్పుడు ఆంబుల్‌సైడ్ మీదుగా చుట్టు తిరగాల్సిందే. అవతలి ఒడ్డు నుంచి నియర్ సోరీ రెండు మైళ్లు, చాలామటుకు ఎత్తే. పార్కింగ్ స్థలం తక్కువ కాబట్టి కారున్నవాళ్లకూ పెద్ద సుఖం లేదు.

ఆమె కొన్న హిల్ టాప్ ఇల్లు ఇరుకు. అందుకని టికెట్ మీద లోపలికి వెళ్లే సమయం వేసి ఇస్తారు, ముందే తీసుకోవాలి. గదుల్లో వెలుతురు అంతంత మాత్రమే, మబ్బు రోజున వస్తువులు సరిగా ఆనవు. ఆమె పుస్తకాలు ఒకటి రెండు వెంట ఉంటే మేలు. వంటగది ఇనుప పొయ్యి, మెట్ల మలుపు పుస్తకంలో ఎక్కడున్నాయో అక్కడికక్కడే పోల్చుకోవచ్చు. ఊహలోంచి గీసింది తక్కువ, చూసి గీసిందే ఎక్కువ.

1893లో జబ్బుపడ్డ ఒక పిల్లవాడికి రాసిన బొమ్మల ఉత్తరమే పీటర్ కుందేలు కథకు మొదలు. ప్రచురణకర్తలు వద్దన్నాక, 1901లో సొంత డబ్బుతో 250 కాపీలు అచ్చు వేయించింది. లోపలి బొమ్మలన్నీ నలుపు తెలుపే. రంగుల అచ్చు ఖరీదు ఒక కారణం, కుందేళ్లన్నీ గోధుమరంగే కదా అన్నది ఇంకో కారణం. ఫ్రెడరిక్ వార్న్ సంస్థ రంగులు కావాలని పట్టుబట్టి 1902లో వేసింది. పిల్లల చేతిలో ఇమిడే చిన్న సైజు మాత్రం ఆమె పట్టుదలే. వ్యాపారంలోనూ గట్టిదే, 1903లో పీటర్ ఆటబొమ్మకు తనే పేటెంట్ తీసుకుంది. అయితే వార్న్ సంస్థ అమెరికాలో పుస్తకం కాపీరైట్ నమోదు చేయకపోవడంతో అక్కడ దొంగ ముద్రణలు పుట్టుకొచ్చాయి, ఆ రాబడి పోయింది.

ఇంట్లో చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేవి బొమ్మరింటి తిండి సామాన్లు. పళ్లెంలో ప్లాస్టర్ మాంసం ముక్క, నిగనిగలాడే రంగుతో నిజందానిలాగే ఉంటుంది. 1904లో ఆమె రాసిన ఎలుకల కథలో కత్తికి తెగనిది ఇదే. కొనిపెట్టింది ఆమె ఎడిటర్ నార్మన్ వార్న్. 1905 జూలైలో వాళ్ల పెళ్లి నిశ్చయమైంది, ఆగస్టులో అతను చనిపోయాడు. ఈ ఇల్లు ఆమె కొన్నదీ ఆ ఏడాదే.

ఆమె కాపురం ఇక్కడ అనుకుంటే పొరపాటు. 1913లో లాయరు విలియం హీలిస్‌ను పెళ్లాడి, దగ్గర్లోనే ఉన్న కాజిల్ కాటేజ్‌లో కాపురం పెట్టింది. ముఖ్యమైన పుస్తకాలన్నీ దాదాపు అప్పటికే వచ్చేశాయి. చూపు మందగించింది, మనసు ఇక్కడి హెర్డ్‌విక్ జాతి గొర్రెల మీదికి మళ్లింది. 1943లో పోయేనాటికి చేతిలో ఉన్న సుమారు 4,000 ఎకరాలను, పాత కట్టడాలను, ప్రకృతిని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసింది. నా లెక్కన ఇది పుస్తకాలకు తీసిపోని పని.

ఒక పూట మిగిలితే ఆంబుల్‌సైడ్‌లోని ఆర్మిట్ మ్యూజియానికి వెళ్లాలి. ఆమె వేసిన పుట్టగొడుగుల బొమ్మలు వందల్లో అక్కడున్నాయి, కానీ అన్నీ ఒకేసారి చూపించరు. వాటి బీజాలు మొలకెత్తే తీరు మీద ఆమె రాసిన పత్రాన్ని 1897లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘం లిన్నియన్ సొసైటీకి వేరొకరు సమర్పించాల్సి వచ్చింది, అప్పట్లో ఆడవాళ్లకు అక్కడ ప్రవేశం లేదు మరి.