మా వాడకట్టు మహాభారతం

1988 అక్టోబరు 2, ఆదివారం నాడు దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైంది. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ కాలం నుంచే, ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటికి చేరుకోవడం దేవరకొండలోని మా వాడకట్టుకు అలవాటైపోయింది. పిల్లలం ముందు చాప మీద, ఆడవాళ్లు మా వెనుక కూర్చుంటే, చోటు చాలని మగవాళ్లు గడప అవతల నిలబడి చూసేవారు.

సీరియల్ హిందీలో వచ్చేది. ఆ భాష మాకు పరాయిదీ కాదు, పూర్తిగా సొంతమూ కాదు. నిజాం పాలనలో ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న మా తాత, తెర మీద ఒకరి మాట ముగిసి మరొకరు అందుకునే లోపే దాని సారాన్ని తెలుగులో చెప్పేవారు. అయితే భీష్ముడో విదురుడో ధర్మం గురించి మాట్లాడేటప్పుడు ఆ హిందీ నిండా సంస్కృత పదాలే ఉండడంతో తాత ఆగిపోయేవారు. అప్పుడు, బడిలో తెలుగు పద్యాలు కంఠస్థం చేసిన మా అమ్మ అందుకునేది. మామూలు రోజుల్లో మామ ముందు గొంతెత్తి మాట్లాడని అమ్మ, ఆ కాసేపు మాత్రం “కాదు మామా, ఆయన అన్నది అది కాదు” అని ధైర్యంగా దిద్దేది. తాత కూడా “అట్లనా బిడ్డా, అయితే నువ్వే చెప్పు” అని సంతోషంగా వదిలేసేవారు. నా చిన్నతనంలో నేను చూసిన వాటిలో నాకు అన్నిటికంటే ప్రియమైనది ఇదే. శుక్రవారం ‘చిత్రలహరి’ పాటలన్నా, శాంతి స్వరూప్ చదివే వార్తలన్నా నాకు ప్రాణమే. కాని అవి తెలుగులోనే వచ్చేవి కనుక తాత, అమ్మ కలిసి చెప్పవలసిన పని వాటికి లేదు.

కథ తెలియనివారు అక్కడ ఎవరూ లేరు. చిందు భాగవతుల ఆటలు చూసి పెరిగి, కృష్ణుడంటే ఎన్.టి. రామారావే అని నమ్మిన పెద్దలకు నితీశ్ భరద్వాజ్ కుదరడానికి కొంత కాలం పట్టింది. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ వారి మనసులో ఎంతగా నాటుకుందంటే, శశిరేఖ పెళ్లి ఎప్పుడు చూపిస్తారా అని వారాల తరబడి ఎదురుచూశారు; అది వ్యాసభారతంలో లేని కథ అని అమ్మ ఎంత చెప్పినా ఎవరూ ఒప్పుకోలేదు.

ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చిన ఆదివారం మాత్రం తాత గాని అమ్మ గాని నోరు విప్పలేదు, అర్థం చెప్పమని ఎవరూ అడగనూ లేదు. ఆ తరువాత, అంతటి భీష్ముడు ఎందుకు ఊరుకున్నాడన్న వాదన నల్లా దగ్గర చాలా రోజులు నడిచింది. తండ్రికిచ్చిన మాటకు, సింహాసనానికి కట్టుబడినవాడు ఇంకేం చేయగలడని కొందరు అంటే, కళ్ల ముందు అన్యాయం జరుగుతుంటే ఏ ప్రతిజ్ఞా అడ్డు రాకూడదని అమ్మ వాదించింది.

1990 జూన్ 24న 94వ భాగంతో ఆ సీరియల్ ముగిసింది. దానికి మాటలు రాసినవారు, ఉర్దూలో కవిత్వం చెప్పిన రాహీ మాసూమ్ రజా అని నాకు చాలా ఏళ్లకు గాని తెలియలేదు. తాతకు ఆ సంగతి తెలిసి ఉంటే ఎంత సంబరపడేవారో! 2020 లాక్‌డౌన్ రోజుల్లో దూరదర్శన్ మళ్లీ ప్రసారం చేసినప్పుడు అమ్మా నేనూ కలిసి చూశాం. విదురుడి మాటలకు అమ్మ ఇప్పటికీ నాకంటే ముందే తెలుగు చెబుతుంది, భీష్ముడిని ఇప్పటికీ క్షమించదు. ఆ విషయంలో నేనూ అమ్మ పక్షమే.