నాన్న యాంజియోగ్రామ్ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కేసరికి

నిన్ననే హైదరాబాద్ నుంచి తిరిగొచ్చాం. కోపం ఇంకా చల్లారలేదు, చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

రెండేళ్ళ కిందట నాన్నకి గుండె నాళంలో స్టెంట్ వేశారు, అంటే పూడిన నాళం తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. ఈమధ్య మళ్ళీ మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. మా రాజమండ్రి డాక్టరుగారు చూసి, హైదరాబాద్‌లో ఒక సర్జన్ దగ్గరికి వెళ్ళమన్నారు. అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి గట్టిగా చెప్పింది: "పాత యాంజియో సీడీ తప్పకుండా తీసుకురండి మేడం. ఒట్టి రిపోర్టు తెస్తే సార్ మళ్ళీ పంపించేస్తారు."

ఆయన అడగడంలో న్యాయముంది. కాగితం మీద ఫలానా నాళంలో 80 శాతం పూడిక అని ఉంటుంది. ఆ 80 ఎవరో ఒకరు కంటితో చూసి వేసిన అంచనా. యాంజియో అంటే డై అనే మందు గుండె నాళాల్లోకి పారుతున్నప్పుడు తీసిన ఎక్స్‌రే వీడియో. ఆపరేషన్ చేయాల్సిన మనిషి దాన్ని తనే చూసుకోవాలనుకుంటాడు.

సీడీ ఇంట్లోనే ఉంది. దాని కవరుని ఆసుపత్రివాళ్ళే డిశ్చార్జ్ ఫైలుకి స్టేప్లర్‌తో కొట్టి ఇచ్చారు. పిన్ను కొస సీడీ మీద గీరుకుని వెంట్రుకవాసి గీత పడింది. ల్యాప్‌టాప్‌కి ఎలాగూ సీడీ డ్రైవ్ లేదు. బయట పెట్టుకునే డ్రైవ్ ఒకటి కొని తగిలిస్తే సగందాకా కాపీ అయి, గిర్రుమని చప్పుడు చేసి ఆగిపోయింది. కొత్త కాపీ తెచ్చుకోక తప్పదు. ఎలాగూ తిరుగుతున్నాం కదా, నాన్న కాగితాలన్నీ కలిపి ఒక పెన్ డ్రైవ్‌లో పెట్టేద్దాం అనుకున్నాను.

కాగితాల పని సులువుగానే అయింది. ఫోన్‌తో స్కాన్ చేసి, ప్రతి పీడీఎఫ్ పేరుకీ ముందు సంవత్సరం, నెల, తేదీ పెట్టాను. వాటంతటవే వరసలో కూర్చున్నాయి. ఒక్క ఈసీజీల దగ్గరే దెబ్బ పడింది. ఈసీజీ కాగితం బస్సు టికెట్ లాంటిది, వేడి తగిలితే నల్లబడుతుంది, ఊరికే ఉంచినా కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. మా వీధి చివర జిరాక్స్ షాపాయనకి కాపీలు తీయమని ఇచ్చి పక్క కొట్టుకి వెళ్ళొచ్చేసరికి, "పాడవకుండా ఉంటుందని లామినేషన్ చేశానండీ" అన్నాడు. పైనుంచి కిందిదాకా బొగ్గు నలుపు. ఇరవై రూపాయలు కూడా అడిగాడు! ఈసీజీ ఇచ్చిన రోజే ఫోటో తీసుకోండి, ఎవరి చేతికీ ఇవ్వకండి.

డాలస్‌లో ఉన్న అన్నయ్యకి ఈ గోల చెబితే "ఇక్కడైతే పోర్టల్‌లో లాగిన్ అయితే అన్నీ కనిపిస్తాయే, ఆభా ఉందిగా నాన్నకి" అన్నాడు. ఆభా అంటే వైద్య రికార్డులు ఒకచోట చూసుకోవడానికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య ఖాతా. ఉంది. 14 అంకెల నంబరు, కార్డు, అన్నీ ఉన్నాయి. యాప్ తెరిస్తే స్టెంట్ వేసిన ఆసుపత్రి నుంచి ఒక్క కాగితమూ లేదు. దూరాన ఉన్నవాళ్ళు సలహాలు తగ్గించి, వచ్చినప్పుడు ఒక పూట క్యూలో నిలబడితే ఎంత బాగుంటుందో.

ఇక అసలు సంగతికి వస్తాను. సీడీ కొత్త కాపీ కోసం ఆ ఆసుపత్రికే వెళ్ళాం. దాని పేరు రాయను, పెద్దదే. రికార్డు సెక్షన్ సెల్లార్‌లో, పార్కింగ్ పక్కన ఉంది. పేషెంటే స్వయంగా రావాలంటే నాన్ననీ తీసుకెళ్ళాను. కూర్చోవడానికి కుర్చీ లేదు. కిటికీ అవతల ఉన్నతను తలెత్తకుండానే అడిగాడు, "ఎందుకు?"

"వేరే డాక్టరుగారికి చూపించాలండీ."

"ఏం, మా సార్ చేసింది నచ్చలేదా?"

దానికేం చెప్పాలి? ఒక ఫారం ఇచ్చాడు. అందులో కారణం అన్నచోట లీగల్, ఇన్సూరెన్స్, ఇతరం అని మూడు గళ్ళు. నేను ఇతరం దగ్గర టిక్కు పెట్టాను. అతను దాన్ని చూసి, వెనకున్న వాళ్ళందరికీ వినపడేలా, "కోర్టు కేసు వేస్తారా మేడం? ముందే చెప్పండి, దానికి ప్రొసీజర్ వేరే" అన్నాడు. వరసలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. నేను నోరు తెరిచేలోపే నాన్న ముందుకొచ్చి, "కేసులేం లేవు బాబూ, మీరంతా నన్ను బాగా చూసుకున్నారు" అన్నారు, చేతులు జోడించినంత పని చేసి. కరెంటాఫీసులో ముప్పై ఏళ్ళు పనిచేసి, ఎవరి దగ్గరా తల వంచని మనిషి. తన గుండె బొమ్మ తాను అడగడానికి, కొడుకు వయసు కూడా లేని కుర్రాడికి సంజాయిషీ ఇచ్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాత సంతకం. ఆధార్ జిరాక్స్ మీద, ఫారం మీద నాన్న పెట్టిన సంతకాన్ని పాత కేస్ షీట్‌లో ఉన్న సంతకంతో పోల్చి "టాలీ అవలేదు" అన్నాడు. నాన్నకి ఇప్పుడు చెయ్యి కొద్దిగా వణుకుతుంది, అక్షరం అప్పటిలా రాదు. "మనిషే ఎదురుగా ఉన్నారు కదండీ" అంటే "మనిషితో మాకు పని లేదు మేడం, సంతకం కావాలి" అన్నాడు. ఇది నేను కల్పించి చెప్పడం లేదు, అక్షరాలా ఇదే మాట. చివరికి ఆధార్ మీది ఫోటో చూసి ఒప్పుకున్నాడు, కానీ ట్రీట్‌మెంట్ చేసిన డాక్టరు సంతకం తెమ్మన్నాడు.

డాక్టరుగారితో గొడవవుతుందనుకున్నాను. ఓపీ అంతా అయ్యాక లోపలికి పంపితే, ఆయన నాన్న పల్స్ చూసి, "హైదరాబాద్ వెళ్తున్నారా, మంచిది, ఆయన అభిప్రాయం నాకూ చెప్పండి" అని సంతకం పెట్టి ఇచ్చారు. పెద్దాయనకి లేని పౌరుషం కిటికీకి ఎందుకో!

బిల్లింగ్‌లో డబ్బు కట్టి, సీలు విప్పని కొత్త పెన్ డ్రైవ్ పట్టుకుని మళ్ళీ సెల్లార్‌కి దిగాను. "పెన్ డ్రైవ్‌లు ఎక్కించం, ఐటీ వాళ్ళు బ్లాక్ చేశారు." నిజం చెప్పాలంటే దీన్ని నేను తప్పు పట్టను. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగి రోజుల తరబడి పనంతా చేత్తో రాసుకున్నారు. ఊళ్ళోవాళ్ళ పెన్ డ్రైవ్‌లన్నీ గుచ్చుకుంటే ఏ ఆసుపత్రికైనా ప్రమాదమే. సరే, సీడీయే ఇవ్వండన్నాను. "సీడీలు స్టాక్ లేవు, బయట కొనుక్కు రండి."

ఈ రోజుల్లో ఖాళీ సీడీ ఎవరమ్ముతున్నారు? పెళ్ళి ఆల్బమ్‌లు చేసే స్టూడియో ఒకటి వెతికి పట్టుకుంటే, ఆయన సొరుగు అడుగు నుంచి దుమ్ము దులిపి రెండు ఇచ్చాడు, డబ్బులు కూడా వద్దన్నాడు. అవి తీసుకుని వెళ్ళేసరికి నా ముందు ఒకతను ఫోన్ కిటికీలోంచి లోపలికి అందించాడు. ఏ లీడరు పీఏనో లైన్లో ఉన్నాడు. "సరే సార్, సరే సార్" అంటూ కిటికీ అతను ఆ మనిషి చేతిలో పెన్ డ్రైవ్ తీసుకుని, నా కళ్ళ ముందే కంప్యూటర్‌కి తగిలించాడు. బ్లాక్ చేసిన రంధ్రమే. ఫైళ్ళు ఎక్కాయి కూడా. నా సీడీలు తీసుకుని మాత్రం "క్యాథ్ ల్యాబ్‌కి పంపిస్తాం, తర్వాత రండి" అన్నాడు. యాంజియోలు తీసే గది అది. ఎప్పుడని అడిగితే జవాబు లేదు.

అప్పుడు సంచిలోంచి కాగితం తీశాను. మెడికల్ కౌన్సిల్ 2002లో చేసిన నియమాలవి. ఆసుపత్రిలో చేరినవాళ్ళ రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్ళు భద్రపరచాలి, పేషెంటుగానీ అతను అధికారమిచ్చిన మనిషిగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అతను దాన్ని చదవనైనా చదవకుండా "ఆన్‌లైన్‌లో ఇలాంటివి బోలెడుంటాయి మేడం" అన్నాడు. నేను మాట పెంచలేదు. అక్కడే నిలబడి తెల్లకాగితం మీద అర్జీ రాసి, నాన్న చేత సంతకం పెట్టించి, రెండు కాపీలు మేనేజర్ ఆఫీసులో ఇచ్చి, ఒకదాని మీద తేదీతో రిసీవ్డ్ స్టాంపు వేయించుకున్నాను. స్టాంపు వేయనంటే "వేయనని రాసివ్వండి" అన్నాను. ఆ ఒక్క మాటకి దారికొచ్చారు. సీడీ గడువులోపే చేతికొచ్చింది. మా బంధువుల్లో ఇంతకుముందు ఎవరూ ఆ ఆసుపత్రి నుంచి దెబ్బలాడకుండా కాగితం తెచ్చుకున్నది లేదు, గొప్ప చెప్పుకుంటే చెప్పుకున్నాననుకోండి. నోటితో అడిగినన్నాళ్ళూ మనం అడిగినట్టు ఎక్కడా రుజువు లేదు, అందుకే కిటికీ దగ్గర ఎవరికైనా అంత ధైర్యం.

సీడీని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించడం గురించి రెండు ముక్కలు. స్కాన్‌లు, యాంజియోలు డైకామ్ అనే పద్ధతిలో ఉంటాయి. చాలాసార్లు ఆ ఫైళ్ళ పేర్లకి చివర ఏమీ ఉండదు, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోవు. మా నెట్ సెంటర్ కుర్రాడు వాటిని చూసి "ఇవన్నీ వైరస్‌లాగున్నాయి ఆంటీ, ఫార్మాట్ కొట్టేయమంటారా?" అన్నాడు. పరుగున చెయ్యి పట్టుకున్నాను. లోపలి ఫైళ్ళు ఏరుకోకుండా సీడీలో ఉన్నదంతా ఒకే ఫోల్డర్‌లోకి ఉన్నదున్నట్టు కాపీ చేయండి, మైక్రోడైకామ్ లాంటి వ్యూయర్ వేసుకుని, ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి. ఆధార్, బ్యాంకు కాగితాలు అందులో పెట్టకండి. పాస్‌వర్డ్ విషయంలో చాలా ఆలోచించాను. అన్నిటికీ తాళం వేస్తే అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకి ఉపయోగం లేదు. అందుకని పైన ఒక్క పేజీ తాళం లేకుండా ఉంచాను: బ్లడ్ గ్రూపు, స్టెంట్ వేసిన తేదీ, స్టెంట్ కార్డు మీది వివరాలు, రక్తం పలచబడే మాత్రల పేర్లు, పడని మందులు. అదే పేజీ ప్రింటు తీసి నాన్న పర్సులో కూడా పెట్టాను. అంబులెన్స్‌లో ఎవరూ పెన్ డ్రైవ్ పెట్టి చూడరు.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్ళాం. అక్కడా కంప్యూటర్‌లో పెన్ డ్రైవ్ పెట్టనివ్వలేదు, అనుమానించే ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాను. సర్జన్‌గారు దాన్ని తనవైపు తిప్పుకుని, వీడియోని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశారు. "ఇప్పుడే బైపాస్ అక్కర్లేదు, ముందు ఒక పరీక్ష చేయిద్దాం" అన్నారు. తర్వాత "ఫైళ్ళు ఇంత వరసగా ఎవరు పెట్టారమ్మా?" అని అడిగారు. నాన్న నాకంటే ముందే "మా అమ్మాయే సార్" అన్నారు.

ఈ ఉదయం నాన్న ఆ పెన్ డ్రైవ్ తెచ్చి, "ఇందులో ఇంకా బోలెడు ఖాళీ ఉందటగా, ఘంటసాల పాటలు ఎక్కించు, కారులో వినొచ్చు" అన్నారు. వద్దని వేరే రంగుది ఒకటి కొనిచ్చాను. ఆ సెల్లార్ కిటికీ గురించి ఆసుపత్రివాళ్ళకి రాసిన ఫిర్యాదుకి మాత్రం ఇంతవరకూ జవాబు లేదు. దాని మీదా రిసీవ్డ్ స్టాంపు ఉంది.