షూటౌట్‌కి ముందే చేజారిన మ్యాచ్

మన బడి హాకీ జట్టులో ఆడినవాళ్లు ఏ ఇద్దరు కలిసినా 2023 ప్రపంచకప్ మాట రాక మానదు. విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భువనేశ్వర్. కప్పు మన గుమ్మం ముందుకొచ్చిందనే అనుకున్నాం. టోక్యోలో కాంస్యం తెచ్చిన జట్టు, 2022లో ప్రపంచ ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్, నిండిన కళింగ స్టేడియం. అయినా జనవరి 22న న్యూజిలాండ్ చేతిలో 3-3 తర్వాత షూటౌట్‌లో (స్కోరు సమమైతే ఒక్కో ఆటగాడు ఒంటరిగా కీపర్‌తో తలపడే పోటీ) 4-5తో ఓడి, క్వార్టర్‌ఫైనల్ కూడా చూడకుండా బయటికొచ్చేశాం. షూటౌట్ అంటే లాటరీ అని సర్దిచెప్పుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట నేను ఒప్పుకోను.

అసలు ఆ మ్యాచ్ మనం ఆడాల్సిందే కాదు. పూల్‌లో మనకీ ఇంగ్లండ్‌కీ చెరి ఏడు పాయింట్లు. ఇంగ్లండ్ వేల్స్‌ని 5-0తో, స్పెయిన్‌ని 4-0తో కొట్టింది. మనం స్పెయిన్‌పై 2-0, వేల్స్‌పై 4-2. గోల్స్ తేడా వాళ్లకి తొమ్మిది, మనకి నాలుగు. పూల్‌లో మొదటి జట్టు నేరుగా క్వార్టర్స్‌కి వెళ్లింది, రెండో జట్టుగా మనకి క్రాసోవర్, అంటే క్వార్టర్స్ చేరడానికి ఇంకో మ్యాచ్, మిగిలింది. దానికి తోడు ఇంగ్లండ్‌తో మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసి హార్దిక్ సింగ్ టోర్నీకే దూరమయ్యాడు. మిడ్‌ఫీల్డ్ నుంచి బంతిని ఒంటరిగా డీ (గోల్ ముందు గీసిన అర్ధవృత్తం) దాకా మోసుకెళ్లగలిగినవాడు అతనే. ఆ లోటు వేల్స్ మ్యాచ్‌లోనే కనబడింది. 2-0తో ముందుండి 42, 44 నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చాం, రెండూ పెనాల్టీ కార్నర్ల మీదే, అంటే డీలో మన డిఫెండర్లు తప్పు చేస్తే ఎదుటివాళ్లకి దక్కే అవకాశాల మీదే.

అసలు జబ్బు అక్కడుంది. న్యూజిలాండ్‌తో కలిపి మొదటి నాలుగు మ్యాచ్‌లలో మనం ఇచ్చిన గోల్స్ ఐదైతే, నాలుగు కార్నర్లవే. మన వైపు చూస్తే, ఆ నాలుగు మ్యాచ్‌లలో మన కార్నర్ ఫ్లిక్కర్ హర్మన్‌ప్రీత్ గోల్ ఒక్కటే, అదీ వేల్స్‌పై 59వ నిమిషంలో.

పెనాల్టీ కార్నర్ ఒక్కడి చేతి విద్య కాదు. గోల్‌పోస్టుకి 10 మీటర్ల దూరంలో బ్యాక్‌లైన్ మీద నుంచి ఇంజెక్టర్ బంతిని తోస్తాడు. అది డీ దాటి బయటికి రావాలి, స్టాపర్ ఆపాలి, ఫ్లిక్కర్ ఎడమ కాలు ముందుకేసి, బంతిని స్టిక్ వంపులో పెట్టుకుని వెనక నుంచి ముందుకి ఈడ్చి వదలాలి. గోల్ లోపల కీపర్‌తో కలిపి ఐదుగురే ఉంటారు. కానీ బంతి కదలగానే వాళ్లలో ఒకడు, ఫస్ట్ రషర్, దూసుకొస్తాడు, రెండు సెకన్లలోపే ఫ్లిక్కర్ మీద ఉంటాడు. స్టాప్ ఒక్క జానెడు పక్కకి పడితే ఫ్లిక్కర్ అడుగులు తప్పుతాయి, అడుగు సరిచేసుకునేలోపు రషర్ స్టిక్ దారికి అడ్డమొస్తుంది. అందుకే ఫ్లిక్ తగ్గిందని ఫ్లిక్కర్ని తిట్టే ముందు తోపునీ ఆపునీ చూడాలి. పైగా ప్రతి జట్టూ హర్మన్‌ప్రీత్ వీడియోలు నమిలి మింగేసి వచ్చింది. అలాంటప్పుడు పక్కవాడికి జార్చడం, పోస్టు దగ్గర స్టిక్ తగిలించి బంతి దారి మార్చడం (డిఫ్లెక్షన్) లాంటి ఎత్తులు ఎక్కువ వాడాలి. మనం వాటిని సరిపడా వాడలేదు.

న్యూజిలాండ్‌తో 24 నిమిషాలకి 2-0. 28లో ఒకటిచ్చి, 40లో వరుణ్ గోల్‌తో 3-1. అక్కడ ఐదు నిమిషాలు బంతిని మన దగ్గరే తిప్పుకుని ఉంటే చాలు. 43లో కార్నర్, 49లో ఇంకో కార్నర్, స్కోరు సమం! ఆధిక్యంలో ఉన్నప్పుడు డీలో స్టిక్ విసిరి టాకిల్ చేయకూడదు. స్టిక్ నేలకి ఆనించి, ఎదుటివాణ్ణి బ్యాక్‌లైన్ మూలకి తోలుకుపోవాలి. బంతి డిఫెండర్ కాలికి తగిలినా కార్నరే.

షూటౌట్‌లో 23 మీటర్ల గీత నుంచి ఎనిమిది సెకన్లు. అదీ సమమయ్యాక ఒక్క తేడాతో తేలే సడన్‌డెత్‌లో మన కీపర్ శ్రీజేష్ గాయపడి రెండో కీపర్ కృషన్ పాఠక్ దిగాడు. అప్పటిదాకా షూటౌట్‌లో బయట కూర్చున్న కీపర్ కాళ్లు అప్పటికప్పుడు వేడెక్కవు. పాఠక్‌ని తప్పుపట్టడం అన్యాయం.

ఇప్పుడు మన గ్రౌండులో ఆడుతున్న పిల్లలకి ఒక మాట. గ్రావెల్ మీద బంతి ఎగురుతుంది కాబట్టి కార్నర్ స్టాప్ రాదని వదిలేస్తున్నారు. డీ టాప్ దగ్గర రెండు మీటర్ల చదరం రాళ్లేరి, నీళ్లు చల్లి, రోలర్ లాగండి. ముందు ఫ్లిక్ జోలికి పోవద్దు. ఇంజెక్టర్, స్టాపర్ ఇద్దరే రోజుకి 50 బంతులు చేయండి. సున్నంతో గీసిన జానెడు గడిలో 40 ఆగిన రోజున ఫ్లిక్కర్ని పిలవండి, ఆ మర్నాటి నుంచి ఎదురుగా రషర్ని పరిగెత్తించండి. రెండో కీపర్‌కి వారానికొకసారైనా ఎనిమిది సెకన్ల వన్-ఆన్-వన్ పెట్టండి, అదీ అరగంట కూర్చోబెట్టి లేపిన వెంటనే.