మా కాఫీ బల్ల కింద టేకు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మెట్ల కింద ఒక కాఫీ మూల ఉంది. పొద్దున్నే వాకింగ్ అయ్యాక అందరం చేరేది అక్కడికే. గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతుంటే, మేస్త్రీ ఎందుకు, మనమే చేద్దాం అన్నాను. అనకుండా ఉండాల్సింది!

శనివారం గోడ గీకి పుట్టీ పెట్టాం. తొందర నాది. అది ఆరకముందే ప్రైమర్, సాయంత్రానికి రంగు. తెల్లారేసరికి గోడంతా అప్పడంలా పొంగింది. "తడి మీద రంగు నిలవదు సార్" అన్నాడు వాచ్‌మన్, మాకు స్టూలు పట్టుకుంటూ. ముందు చెప్పొచ్చు కదయ్యా! మళ్లీ గీకి, ఈసారి వారం ఆగాం.

ఆ వారంలోనే బల్ల పట్టాం. పైన మూడు పొరల ఎనామిల్: ఆకుపచ్చ, దాని కింద నీలం, అడుగున మెరూన్. 80 నంబరు గరుకు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి నున్నటి 220కి వచ్చేసరికి చేతులు పోయాయి. కానీ తడిగుడ్డతో తుడవగానే లోపల టేకు చార తేలింది. ఎవరింటి పాత తలుపో! గొళ్లెం చిల్లు పూడ్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. వార్నిష్ రెండు పూతలేసి వదిలేశాం.

నల్లబోర్డు మీద పిల్లలు "అరకు కాఫీ, చికోరీ లేదు" అని రాశారు. రెండో అంతస్తు బాబాయిగారు చూసి, "చికోరీ లేకపోతే డికాక్షన్‌కి ఆ నలుపెక్కడిదోయ్?" అని గొడవ. నిన్నటికి "లేదు" చెరిపేసి ఉంది.