చేతిలో మరో ఉద్యోగం లేకుండా రాజీనామా చేశాను

నేను 2018 జూన్ నుంచి 2024 జనవరి దాకా హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని ఒక ఆఫీసులో పనిచేశాను. అమెరికా ఆసుపత్రుల బిల్లులను అక్కడి బీమా కంపెనీలు తిరస్కరిస్తే, కారణం వెతికి, సరిచేసి మళ్లీ పంపడం మా పని. వాళ్లకు తెల్లవారాకే మాకు పని మొదలు. మార్చిలో వాళ్లు గడియారాలు మార్చుకుంటే మా షిఫ్టు ఒక గంట ముందుకు జరిగేది, నవంబరులో మళ్లీ వెనక్కి వెళ్లేది. విద్యానగర్‌లో సాయంత్రం క్యాబ్ ఎక్కితే తిరిగి ఇల్లు చేరేది తెల్లవారుజామునే.

జీతం వేళకు వచ్చేది. పై అధికారులు మర్యాదస్తులు. ఫలానా వారి వల్ల మానేశానని చెప్పడానికి ఎవరూ లేరు. కానీ ఒక క్లెయిమ్ మంజూరైతే ఎవరికి మేలు జరిగిందో ఎప్పుడూ తెలిసేది కాదు. రోగి పేరు ఉండాల్సిన చోట ఒక సంఖ్య, తిరస్కరణకు ఒక కోడు, దానికి నా జవాబు. ఇలా మరో ఇరవై ఏళ్లు గడిచిపోతాయన్న ఊహే భరించలేకపోయాను.

"ఒకటి దొరికాకే మరొకటి వదలాలమ్మా" అన్నాడు మా మేనమామ. లోకంలో అందరూ చెప్పేదే, చాలామందికి సరైనదే. నేనూ అలాగే ప్రయత్నించాను. అయితే రాత్రి పని చేసేవారికి ఇంటర్వ్యూలన్నీ నిద్రపోవలసిన వేళల్లోనే ఉంటాయి. పైగా నా అనుభవం చూసి పిలిచినవన్నీ అదే పని, అదే షిఫ్టు. వేరే దారి గురించి ఆలోచించడానికి కావలసిన పగళ్లే నా దగ్గర లేవు. ముందు పగలు నా చేతికి రావాలి, ఆ తరువాతే ఏదైనా. మామయ్యతో ఇదే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ వాదించడం మానేశాడు.

ఏం చేయబోతున్నానో తెలియకపోయినా, ఎన్నాళ్లు నిలబడగలనో మాత్రం తెలియాలనుకున్నాను. ఇంటి అద్దె, సరుకులు, అమ్మ మందులు, కరెంటు, ఫోను అన్నీ కలిపి నెలకు 32,000 తేలింది. బ్యాంకులో ఉన్నది ఎనిమిది నెలలకు సరిపోతుంది. పట్టుమని నాలుగు నెలలకైనా చాలకపోయి ఉంటే నేను ఈ పని చేసేదాన్ని కాదు. అప్పు, పిల్లల ఫీజులు ఉన్నవారి లెక్క వేరు, వారికి నా దారి చెప్పను.

మానే తేదీ ఎంచుకోవడంలో గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకు మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, పెద్ద విషయం. అప్పుడు అమల్లో ఉన్న 1972 నాటి చట్టం ప్రకారం అయిదేళ్లు నిండితే అది మన హక్కు. చివరి మూలవేతనాన్ని 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించేవారు. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటి పనిచేస్తే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కగట్టేవారు. అందుకే నవంబరులోనే వెళ్లిపోవాలనిపించినా ఆగి, అయిదేళ్ల ఏడు నెలలకు మానేశాను. నా మూలవేతనం 26,000. ఆరేళ్ల లెక్కన 90,000 వచ్చింది. మూడు నెలలకు దగ్గరగా ఇల్లు గడిచే డబ్బు అది. రాజీనామా ఆలోచన ఉన్న ప్రతి ఒక్కరూ ముందు తాము చేరిన తేదీ చూసుకోవాలని నా మనవి.

పీఎఫ్ డబ్బు ముట్టుకోలేదు. అయిదేళ్లు దాటాయి కాబట్టి తీసినా పన్ను పడదు. మా బంధువుల్లో ఇద్దరు వెంటనే తీసేయమన్నారు. 2023-24కు దానిపై వడ్డీ 8.25 శాతం. మానేశాక జమయ్యే వడ్డీకి పన్ను ఉంటుందన్నది నిజమే. అయితే పీఎఫ్‌లో ఒక భాగం పింఛనుకు వెళ్తుంది, అది రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి. పింఛను భాగం కూడా తీసేసుకుంటే ఇన్నేళ్ల సర్వీసు అందులోంచి తుడిచిపెట్టుకుపోతుంది. అది నాకు ఇష్టం లేదు.

నాకు నిజంగా నిద్ర పట్టనివ్వనిది అమ్మ ఆరోగ్య బీమా. అమ్మకు షుగరు, బీపీ. ఆఫీసు గ్రూపు పాలసీలో ఆమె పేరు ఉంది, నా చివరి పనిదినంతో అది ఆగిపోతుంది. బయట కొత్తగా పాలసీ తీసుకుంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు అప్పటి నిబంధనల ప్రకారం నాలుగేళ్ల వరకు వేచి ఉండాల్సి రావచ్చు (2024లో దాన్ని మూడేళ్లకు తగ్గించారు). గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందని, అలా మారితే గడిచిన కాలాన్ని కలిపి లెక్కిస్తారని చాలామందికి తెలియదు. నోటీసు కాలం మొదలైన వారంలోనే దరఖాస్తు పెట్టాను. అమ్మ వయసుకు ప్రీమియం బరువుగానే తగిలింది. ఆ ఒక్క ఖర్చులో మాత్రం వెనక్కి తగ్గలేదు. అమ్మ "నా కోసం అంత ఎందుకమ్మా" అంటే, నీ పాలసీ చేతికి రాకపోతే నేను రాజీనామా వెనక్కి తీసుకుంటానని చెప్పాను, మనస్ఫూర్తిగా.

మానేశాక మొదట నిద్ర సరికావడానికే చాలా వారాలు పట్టింది. తరువాత రోజూ పొద్దున చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. అక్కడ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుంటే, ఇంకా దారి వెతుక్కుంటున్నది నేనొక్కదాన్నే కాదనిపించేది. ఎదురైనవాళ్లు "ఇప్పుడేం చేస్తున్నావు?" అని అడిగితే "చూస్తున్నాను" అనేదాన్ని. ఆ మాట నిబ్బరంగా పలకడం కష్టంగానే ఉండేది, ముఖ్యంగా పెళ్లిళ్లలో.

వేసవి చివర్లో నల్లకుంటలోని ఒక చిన్న ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కు దగ్గర పూటపనికి మనిషి కావాలని తెలిసి వెళ్లాను. పని కొత్తదేమీ కాదు, అవే కాగితాలు, అవే తిరస్కరణలు. కానీ ఇక్కడ కాగితం పట్టుకున్న మనిషి నా ఎదురుగా కూర్చుంటారు. డిశ్చార్జి రాసినా బీమా అనుమతి రాక సాయంత్రం దాకా మంచం దిగలేని పెద్దవాళ్లు ఉంటారు. నగదురహిత చికిత్సకు గంటలో, డిశ్చార్జికి మూడు గంటల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలని 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆ మాట ఫోనులో గట్టిగా గుర్తుచేయడం నా పని. అనుమతి వచ్చిందని చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే నెమ్మదిని ఇన్నేళ్లూ నేను చూడలేదు.

జీతం పాతదానిలో సగం లేదు. ఇదే నా దారి అని ఇంకా తేల్చుకోలేదు. ఆసుపత్రుల బిల్లింగు గురించి తెలుగులో తేలికగా నేర్పే తరగతులు పెడితే బాగుంటుందన్న ఆలోచన కూడా ఉంది, దానికి పాఠాలు రాసుకుంటున్నాను. ఈమధ్య ఆసుపత్రివాళ్లు పూర్తి సమయం రమ్మన్నారు. పగటివేళ అయితేనే వస్తానని, రాత్రి డ్యూటీ వేయవద్దని అడిగాను. ఒప్పుకున్నారు.