బక్ ఎవరి ముందు ఆగాలి?

రాత్రి పన్నెండు దాటాక క్లయింటు కాల్‌లో మా మేడమ్ అన్న మాట ఇంకా నన్ను వదలడం లేదు. జీతాల ఫైలు బ్యాంకుకు వెళ్ళలేదని అవతల అమెరికా వాళ్ళు నిప్పులు కక్కుతున్నారు. సెట్టింగు మార్చింది వేరే టీమ్, బయటపడింది మా షిఫ్టులో. ఎవరు చేశారని వాళ్ళు రెట్టిస్తుంటే ఆవిడ 'ద బక్ స్టాప్స్ విత్ మీ' అని, ఫైలు ఎన్నింటికి వెళ్తుందో చెప్పడం మొదలుపెట్టారు.

పొద్దున చెన్నై షోళింగనల్లూరు ఆఫీసు క్యాంటీన్లో పొంగల్ తింటూ మావాళ్ళు, బక్ అంటే డాలరేగా, డబ్బంతా ఆవిడ దగ్గరే ఆగుతుందేమో అని నవ్వుకున్నారు. ఈ బక్ వేరు, అమెరికా పేకాటది. పోకర్‌లో ముక్కలు పంచే వంతు ఎవరిదో తెలియడానికి ఆ మనిషి ముందు ఒక వస్తువు పెట్టేవారు. మగ జింకను ఇంగ్లీషులో బక్ అంటారు, అది జింక కొమ్ము పిడి ఉన్న కత్తి కాబట్టి బక్ అయిందంటారు. పంచడం ఇష్టం లేనివాడు దాన్ని పక్కవాడి ముందుకు జరిపేవాడు. బాధ్యతను ఇంకొకరి మీదకు నెట్టడం 'పాసింగ్ ద బక్' అయింది అలాగే. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ బల్ల మీద 'ద బక్ స్టాప్స్ హియర్' అన్న బోర్డు ఉండేది, అంటే బాధ్యత నాదే, ఇక్కణ్ణించి ఇంకెవరి మీదకీ జరగదని. 1945లో ఓక్లహోమాలోని ఎల్ రెనో జైల్లో తయారైందది.

మా ఆఫీసులో టికెట్, అంటే సమస్య రాసిన ఫిర్యాదు, అప్లికేషన్ వాళ్ళ నుంచి డేటాబేస్ వాళ్ళకు, అక్కణ్ణించి నెట్‌వర్క్ వాళ్ళకు, మళ్ళీ మాకు. ప్రతి ఒక్కరూ కింద 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అని రాసి చేతులు దులుపుకుంటారు. ఒకాయనైతే 'ద బక్ స్టాప్స్ విత్ యువర్ టీమ్' అని ఏకంగా మెయిలే పెట్టాడు. గ్రామరులో తప్పు లేదు. కానీ ఆ మాట మన గురించి మనం అనుకోవాలి గానీ, పక్కవాడి మీదకి విసిరితే అది నెట్టడమే కదా!

మనవాళ్ళలో మేడమ్ లాంటివాళ్ళు లేరని కాదు. గూడూరులో మా మేనమామ 'నాదీ పూచీ' అంటే ధాన్యం కొట్టులో కాగితం అడిగేవారు కాదు. కాకపోతే ఆయన పూచీ పడేది అయినవాళ్ళకే. ఈవిడ నన్ను తమ్ముడూ అని పిలిచింది లేదు, ఊరేదని అడిగింది లేదు. అదే నాకు మింగుడుపడదు. వరస కలుపుకున్నాకే అడ్డుపడటంలో ఒక ఆప్యాయత ఉందని నేనిప్పటికీ అంటాను. తిలాపాపం తలా పిడికెడు కూడా మనదేలెండి.

సాయంత్రం, తప్పు ఎక్కడ జరిగిందో తేల్చే రూట్ కాజ్ రిపోర్టు వచ్చింది. ఓనర్ గడిలో ఆవిడ పేరే. దిద్దుబాటు పనుల గడిలో మాత్రం నా పేరు, శుక్రవారం రాత్రి గడువు. ఆ శుక్రవారం మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు తీసుకున్న రైలు టికెట్ రద్దు చేసుకున్నాను.